కన్ను కంటే ముందు చెవి: సినిమా థీమ్ సంగీతం మనసులో ఎలా నాటుకుంటుంది?

ఎర్రుపాలెం ప్లాట్‌ఫారం మీద

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో మధిర దాటాక ఎర్రుపాలెం వస్తుంది. జమలాపురం వెంకన్న గుడికి పోయే భక్తులకు తెలిసిన స్టేషన్. ఎక్స్‌ప్రెస్ బళ్లు చాలావరకు ఇక్కడ ఆగకుండా దూసుకుపోతాయి. మిట్టమధ్యాహ్నం ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటే మొదట అంతా నిశ్శబ్దంగానే అనిపిస్తుంది. కాసేపయ్యాక ఒక్కొక్కటే చెవిన పడతాయి. కుళాయి నుంచి రాలే నీటిచుక్క, ముఖం చుట్టూ తిరిగే ఈగ, ఎండకు చిటపటమనే రేకుల కప్పు. అంతలో దూరం నుంచి రైలు కూత.

ఆ కూతను జాగ్రత్తగా వినండి. బండి మన వైపు వస్తున్నంతసేపూ అది ఒక శ్రుతిలో ఉంటుంది. మనల్ని దాటుతూనే జారినట్టు కిందికి దిగిపోతుంది. దగ్గరకొచ్చే బండి నుంచి ధ్వని తరంగాలు ఒత్తుగా వచ్చి చెవిని తాకుతాయి. దూరమయ్యే బండి నుంచి ఎడంఎడంగా వస్తాయి. దీన్ని డాప్లర్ ప్రభావం అంటారు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో బండి మన పక్కనుంచి దాటితే కూత సుమారు మూడు స్వరస్థానాలు దిగుతుంది. సాధారణ గాంధారం నుంచి షడ్జమానికి వచ్చినంత. కళ్లు మూసుకుని కూర్చున్నా బండి వస్తోందో పోతోందో చెవి చెప్పేస్తుంది.

1968లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ ఇలాంటి చోటే మొదలవుతుంది. బయలు మధ్య ఒంటరి స్టేషన్. ముగ్గురు తుపాకీ మనుషులు బండి కోసం కాచుకుని ఉంటారు. చాలాసేపటి దాకా పాట లేదు, వాద్యం లేదు. గాలిమర కిర్రుమంటుంది. ఒకడి టోపీ మీద నీటిచుక్కలు పడుతుంటాయి. ఇంకొకడి ముఖం మీద ఈగ వాలుతుంది. బండి వచ్చి కదిలిపోతుండగా పట్టాల అవతల మౌత్ ఆర్గాన్ మోగుతుంది. దాన్ని వాయించే మనిషిని మనం కళ్లారా చూసేలోపే ఆయన సంగీతం వచ్చేసింది. ఆ బాణీ కట్టింది ఎన్నియో మోరికోనె. షూటింగుకు ముందే సంగీతం కట్టించుకుని, సెట్లో దాన్ని వినిపిస్తూ లియోనె ఆ సినిమా తీశాడు.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదే. సినిమాలో మనం చూశామనుకునే వాటిలో చాలా భాగం విన్నవే. ఎవరిని నమ్మాలి, ఎవరికి భయపడాలి, ఎప్పుడు కళ్లు చెమర్చాలి అన్నది చెవి ముందుగా తేల్చేస్తుంది, కన్ను ఆ తర్వాత ఒప్పుకుంటుంది. మన సినిమా వాళ్లు రీరికార్డింగ్ అనీ, కుర్రకారు బీజీఎం అనీ పిలిచే ఈ నేపథ్య సంగీత కళ వెనక ధ్వనిశాస్త్రం ఉంది, మెదడు శాస్త్రం ఉంది.

రెండు స్వరాల భయం

1975లో వచ్చిన ‘జాస్’ సినిమాకు జాన్ విలియమ్స్ కట్టిన థీమ్ రెండే స్వరాలతో మొదలవుతుంది. షడ్జమం, దాన్ని ఆనుకుని శుద్ధ రిషభం. హార్మోనియం మీద పక్కపక్క మెట్లు. ఆ రెండింటి పౌనఃపున్యాల మధ్య తేడా సుమారు 6 శాతం. విలియమ్స్ పియానో మీద వాయించి చూపినప్పుడు దర్శకుడు స్పీల్‌బర్గ్ నవ్వులాట అనుకున్నాడట.

ఆ రెండు స్వరాలకు అంత బలం ఎక్కడిది? మొదటి కారణం వాటి నడక. మంద్రంలో నెమ్మదిగా మొదలై, ఎడం తగ్గుతూ, వేగం పెరుగుతూ, ధ్వని హెచ్చుతూ వస్తాయి. ప్రకృతిలో ధ్వని పెరుగుతోందంటే ఏదో మన మీదికి వస్తోందని అర్థం. తగ్గే ధ్వని కంటే పెరిగే ధ్వనిలో మార్పును మనం ఎక్కువగా లెక్కగడతామని ప్రయోగాలు చూపాయి. మీదికొచ్చేదాన్ని తక్కువగా అంచనా వేసిన జీవి బతకదు. ఆ పాత జాగ్రత్త ఇంకా మన చెవిలో ఉంది.

రెండో కారణం అలవాటు. షూటింగులో యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించింది. అందువల్ల సినిమాలో చాలాసేపు సొర నిండుగా కనిపించదు. దాని బదులు ఆ స్వరాలు వస్తాయి. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన రెక్కతో స్నానానికి వచ్చిన జనాన్ని బెదరగొట్టే ఘట్టంలో మాత్రం ఆ సంగీతం వినిపించదు. అంటే ఈ సంగీతం అబద్ధం ఆడదు. ఆ నమ్మకం ప్రేక్షకుడికి తెలియకుండానే కుదురుతుంది. గుర్తు వినిపించగానే తిండి వస్తుందని నేర్చుకున్న, శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ ప్రయోగాల్లోని కుక్కలకు నోరూరినట్టే, ఆ రెండు స్వరాలు వినగానే మనకు ఒళ్లు జలదరిస్తుంది.

దీని ప్రభావం సినిమా హాలు దాటి పోయింది. 2016లో అమెరికా పరిశోధకులు సొరచేపలు ఈదుతున్న ఒకే దృశ్యాన్ని కొందరికి భయం పుట్టించే సంగీతంతో, కొందరికి ఉల్లాసకరమైన సంగీతంతో, కొందరికి నిశ్శబ్దంగా చూపించారు. భయం సంగీతంతో చూసినవాళ్లకే సొరల మీద చెడు అభిప్రాయం ఎక్కువగా కలిగింది. సంగీతం ఒక జీవజాతికే చెడ్డపేరు తేగలదన్నమాట. జంతువుల డాక్యుమెంటరీలు తీసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

తీగల మీద అరుపు

1960 నాటి ‘సైకో’ సినిమాకు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాద్యాలు మాత్రమే వాడాడు. స్నానాల గదిలో హత్య జరిగే ఘట్టానికి సంగీతం వద్దని దర్శకుడు హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. హెర్మన్ కట్టింది విన్నాక మనసు మార్చుకున్నాడు. కమాను ఒక్కో దెబ్బకూ వయొలిన్లు కీచుమంటాయి. మనిషి అరుస్తున్నట్టే ఉంటుంది.

ఎందుకలా అనిపిస్తుందో చెప్పినవాడు జీవశాస్త్రజ్ఞుడు డేనియల్ బ్లూమ్‌స్టైన్. మార్మట్లు అనే ఉడుత జాతి జంతువులను పరిశోధన కోసం పట్టుకున్నప్పుడు వాటి పిల్లలు పెట్టే కేక ఆయనను ఆలోచింపజేసింది. మామూలుగా కూసేటప్పుడు స్వరతంత్రులు క్రమంగా కంపిస్తాయి. ప్రాణభయంతో శక్తికి మించి గాలి తోసినప్పుడు ఆ క్రమం తప్పి ధ్వని గరగరలాడుతుంది, ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది, ముక్కలవుతుంది. చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా ఇంతే. 2010లో ఆయన బృందం 102 సినిమాల్లోని ముఖ్య ఘట్టాల ధ్వనిని విశ్లేషించింది. భయానక చిత్రాల్లో ఇలాంటి క్రమం తప్పిన ధ్వనులు ఎక్కువగా కనిపించాయి. సంగీత దర్శకులు శాస్త్రం చదివి ఆ పని చేయలేదు. తమ ఒంటికి జలదరింపు ఏ ధ్వనితో పుట్టిందో దాన్నే పట్టుకున్నారు.

షడ్జమం నుంచి పంచమానికి

భయానికి పక్కపక్క స్వరాలైతే, ధైర్యానికి దూరపు గెంతు. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ ప్రధాన బాణీ షడ్జమం నుంచి పంచమానికి ఒక్క దూకు దూకుతుంది. ఆపైన మ, గ, రి మీదుగా దిగి, అంతలోనే తారస్థాయి షడ్జమానికి ఎగురుతుంది. తంబురా శ్రుతిలో నిత్యం వినిపించే ఆ సా–పాల పౌనఃపున్యాల నిష్పత్తి 2:3. రెండు తరంగాలు తొందరతొందరగా ఒకచోట కలుస్తాయి కాబట్టి చెవికి నిలకడ దొరుకుతుంది. బాకా వంటి లోహ వాద్యాల్లో పైస్వరాలకు గట్టిగా ఊదాలి. ఆ ఊపిరి బలం వినేవాడి గుండెకు చేరుతుంది.

అదే ఏడాది స్పీల్‌బర్గ్ ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ వచ్చింది. గ్రహాంతర జీవులతో మనుషులు పలకరింపుగా మార్చుకునే ఐదు స్వరాల పదబంధం అందులో కీలకం. వందల రకాల పదబంధాలు రాసి చూశాక విలియమ్స్, స్పీల్‌బర్గ్ ఒకటి ఎంచుకున్నారు. రి, గ, స, తర్వాత కిందిస్థాయి స, చివరికి ప. ఇవన్నీ మన మోహన రాగంలో ఉండే స్వరాలే. ఆ సినిమాలో జనసమూహం ఆ స్వరాలు పాడుతూ ఆకాశం వైపు చేతులెత్తే దృశ్యాన్ని మహారాష్ట్రలోని ఖాలాపూర్ దగ్గర పల్లెలో తీశారు. మాట తెలియనివాళ్ల మధ్య స్వరమే మాట కావచ్చన్న ఊహ ఆ కథకు ప్రాణం.

ఆ ఐదు స్వరాలను ఏ శ్రుతిలో పాడినా మనం గుర్తుపడతాం. ఇది చిన్న సంగతిలా కనబడుతుంది. కానీ శ్రుతి మార్చితే చెవికి చేరే ఒక్కో పౌనఃపున్యమూ మారిపోతుంది. ఒక్క స్వరం కూడా పాతది మిగలదు, అయినా పాట మాత్రం అదే. 1890లోనే ఆస్ట్రియా తత్వవేత్త క్రిస్టియన్ ఫాన్ ఏరెన్‌ఫెల్స్ ఇదెలా సాధ్యమన్న ప్రశ్న వేశాడు. మెదడు స్వరాలను విడివిడిగా దాచుకోదు. వాటి మధ్య దూరాలను, ఎక్కుదిగుల రూపాన్ని దాచుకుంటుంది. థీమ్ సంగీతం రహస్యం అంతా ఇందులోనే ఉంది. బలమైన రూపం ఉన్న నాలుగైదు స్వరాలు చాలు.

చేసి చూడండి: అందరికీ తెలిసిన ఒక పాట పల్లవిని మాటలు లేకుండా ‘లా లా’ అంటూ పాడండి. తర్వాత శ్రుతి పెంచి పాడండి. వినేవాళ్లు రెండుసార్లూ గుర్తుపడతారు. ఇప్పుడు అవే స్వరాలను వెనకనుంచి ముందుకు పాడండి. దాదాపు ఎవరూ గుర్తుపట్టరు. స్వరాలు మారలేదు, రూపం మారింది.

ఒకే బాణీ, మూడు గొంతులు

1966లో వచ్చిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో మోరికోనె చేసింది ధ్వనిశాస్త్ర పాఠంలా చెప్పుకోవచ్చు. మంద్ర పంచమానికీ షడ్జమానికీ మధ్య ఊగే చిన్న పదబంధం, నక్క ఊళ లాంటిది. కథలో ముగ్గురికీ అదే. ఒకడికి వేణువు మీద, రెండోవాడికి మట్టితో చేసిన ఒకారినా మీద, మూడోవాడికి మనిషి గొంతుతో. బాణీ ఒకటే అయినా ముగ్గురూ వేరని వెంటనే తెలుస్తుంది.

ఒకే స్వరం వేణువు మీదా వీణ మీదా వేరుగా వినిపించడానికి కారణం అతిస్వరాలు. ప్రధాన పౌనఃపున్యంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు ఉన్న కంపనాలు కూడా పుడతాయి. ఏది ఎంత పాలు అన్నదాన్ని బట్టి ధ్వని గుణం మారుతుంది. ఈలలో, ఒకారినాలో అతిస్వరాలు చాలా తక్కువ, ధ్వని దాదాపు శుద్ధంగా ఉంటుంది. వాద్యబృందం మధ్య కూడా ఈల విడిగా వినిపిస్తుంది. మోరికోనె కౌబాయ్ చిత్రాల్లో అలెసాండ్రో అలెసాండ్రోని వేసిన ఈల ప్రపంచమంతా పాకింది.

ధ్వని గుణం మారితే అర్థమే మారుతుందనడానికి జేమ్స్ బాండ్ థీమ్ సాక్ష్యం. వి.ఎస్. నైపాల్ నవల ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్’ను సంగీత నాటకంగా వేయాలనుకున్నప్పుడు మాంటీ నార్మన్ భారతీయ ఛాయలతో ఒక పాట కట్టాడు. నాటకం రంగానికి ఎక్కలేదు. 1962లో ‘డాక్టర్ నో’ కోసం ఆ బాణీని బయటికి తీశాడు. జాన్ బారీ దాన్ని ఎలక్ట్రిక్ గిటారుకూ బాకాలకూ అమర్చాడు. ట్రినిడాడ్ భారతీయ కుటుంబం కోసం పుట్టిన స్వరాలు లండన్ గూఢచారి సంతకం అయ్యాయి.

ప్రవేశ దరువు నుంచి కౌబాయ్ దాకా

పాత్రకో బాణీ అనే పద్ధతిని పడమటి సంగీత చరిత్రలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ పేరుతో చెబుతారు. 1933 నాటి ‘కింగ్ కాంగ్’తో మాక్స్ స్టైనర్ దాన్ని హాలీవుడ్‌లో స్థిరపరిచాడు. తెలుగు పాఠకులు ఇక్కడ తమ ఇంటి సంగతి తలచుకోవాలి. మన కూచిపూడి భాగవతులకు పాత్ర ప్రవేశ దరువు ఉంది. భామాకలాపంలో సత్యభామ తెర వెనక ఉండగానే ఆమె దరువు మొదలవుతుంది. ఆ నడక, ఆ గర్వం, ఆ వగలు మొదట చెవికి చేరతాయి. తెర తొలగేసరికి ప్రేక్షకుడు ఆమెను ఎరిగే ఉంటాడు. ఎర్రుపాలెంలో రైలెక్కి విజయవాడలో దిగి బస్సు పట్టుకుంటే కూచిపూడి చేరవచ్చు. లియోనె సినిమాలోని మౌత్ ఆర్గాన్‌కూ ఆ దరువుకూ పని ఒక్కటే.

కాబట్టి 1971లో కృష్ణ కథానాయకుడిగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినప్పుడు తెలుగు ప్రేక్షకుడు తడబడలేదు. ఆరుద్ర కథ, మాటలు సమకూర్చిన ఈ సినిమా మన దేశపు తొలి కౌబాయ్ చిత్రంగా పేరుపొందింది. లియోనె సినిమాల ప్రేరణతో పుట్టి, ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్లింది. దీనికి సంగీతం పి. ఆదినారాయణరావు. 1957లో ‘సువర్ణసుందరి’కి రాగాల పందిరి వేసిన చెయ్యే ఇక్కడ గుర్రాలకూ తుపాకులకూ సంగీతం కూర్చింది. దరువు తెలిసిన జాతికి థీమ్ కొత్త కాదు.

తకిట తకిట

గుర్రం ఒక మోస్తరు పరుగులో ఉన్నప్పుడు ఒక్కో అంగకు మూడు డెక్కల చప్పుళ్లు వినిపిస్తాయి. తకిట, తకిట. మన లయశాస్త్రంలో ఇది తిశ్రం. తీన్‌మార్ అన్న పేరులోనూ మూడు ఉంది. ‘ఆర్ఆర్ఆర్’లో ‘నాటు నాటు’ పాట నడిచేది సిక్స్-ఎయిట్ లయలో, అంటే మూడేసి దెబ్బల రెండు గుంపులు. కొవ్వూరులో పుట్టిన కీరవాణి బాణీ, వరంగల్ ప్రాంతపు పల్లె నుంచి వచ్చిన చంద్రబోస్ సాహిత్యం, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గళాలు. 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. చిన్ననాట అమెరికా బృందం కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని కీరవాణి ఆ వేదిక మీద చెప్పారు. అక్కడి స్వరం ఇక్కడికి వచ్చింది, ఇక్కడి లయ అక్కడికి వెళ్లింది.

తెలుగు రాని ఆ హాలు అంతా ఎలా ఊగింది? 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ ప్రచురించిన పరిశోధనలో మనుషులను స్కానర్‌లో కదలకుండా పడుకోబెట్టి లయలు వినిపించారు. స్పష్టమైన తాళం ఉన్న లయ వినగానే కదలికలకు సంబంధించిన మెదడు భాగాలు చురుకయ్యాయి. కాలు కదపకపోయినా మెదడు అడుగు వేస్తోంది. లయకు అనువాదం అక్కర్లేదు.

ఎదురుచూపులోని తీపి

మంచి థీమ్ వినగానే ఒళ్లు పులకరించడం చాలామందికి అనుభవమే. 2011లో మాంట్రియల్ పరిశోధకులు వలరీ సలింపూర్, రాబర్ట్ జటోరె బృందం ఆ క్షణంలో మెదడులో డోపమిన్ విడుదల అవుతుందని చూపింది. ముఖ్యమైన విషయం, అది రెండుసార్లు జరుగుతుంది. ఇష్టమైన చోటు వచ్చినప్పుడు ఒక భాగంలో, అది రాబోతోందని ఎదురుచూసేటప్పుడు ఇంకో భాగంలో. ఎదురుచూడాలంటే ముందే విని ఉండాలి. అందుకే థీమ్‌ను మళ్లీ మళ్లీ వినిపిస్తారు. లియోనె సినిమాలో మౌత్ ఆర్గాన్ మొదటి నుంచీ మోగుతూనే ఉంటుంది. ఎందుకు మోగుతోందో చివరి పోరాటంలో గానీ తెలియదు. అన్నిసార్లు విన్న ఆ స్వరమే అప్పుడు గుండెను పిండుతుంది.

విన్న పాట మన బతుకులోని రోజులకు కూడా ముడిపడుతుంది. పాత పాట వినగానే జ్ఞాపకం లేచినప్పుడు నుదుటి వెనక, మెదడు ముందుభాగపు లోపలి పొర చురుకవుతుందని 2009లో పీటర్ జనాటా చూపాడు. అల్జైమర్స్ జబ్బులో ఆలస్యంగా దెబ్బతినే భాగాల్లో అది ఒకటి. కన్నబిడ్డల పేర్లు మరిచిన పెద్దవాళ్లు కూడా వయసులో విన్న పాటకు పెదవి కదపడం వెనక ఈ సంగతి ఉండవచ్చు.

మన డోలు

థీమ్ సంగీతం బతికేది మళ్లీ మళ్లీ వినబడటం వల్లనే. ఇది శాస్త్రం చెప్పిన మాట. దీన్ని ఎర్రుపాలెం నుంచి ఉత్తరంగా భద్రాచలం మన్యం దాకా తీసుకుపోవాలి. అక్కడి కోయలకు డోలీలు అనే గాయకులు ఉన్నారు. వంశాల బొమ్మలున్న పడిగె గుడ్డను విప్పి, డోలు వాయిస్తూ, ఒక్కో గోత్రం పుట్టుపూర్వోత్తరాలు పాడతారు. బొమ్మ కంటికి, డోలు చెవికి, కథ మనసుకు. సినిమా చేసే పనిని సినిమా పుట్టక ముందునుంచీ చేస్తున్నవాళ్లు వీళ్లు.

మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ భాషలోనూ తెలుగులోనూ ఈ గాథలు పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ‘జాస్’ రెండు స్వరాలను ప్రపంచంలో ఎక్కడైనా క్షణంలో వినవచ్చు. డోలీల బాణీలను వినాలంటే మాత్రం ఆ ఊరికి పోవాలి, పాడేవారు బతికి ఉండాలి. మీ ఊళ్లో డోలు గాని, దరువు గాని, డప్పు గాని తెలిసిన పెద్దలుంటే వాళ్లను అడిగి, ఒప్పించి, ఫోనులోనైనా రికార్డు చేయండి. ఏ బాణీ ఎవరిది, ఏ సందర్భానిది అన్నది వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. ఆ బాణీలను పిల్లలకు మళ్లీ మళ్లీ వినిపించండి. రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు.